మొగల్తూరు ఆవిడ

మా హాల్లో కిటికీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. ఎర్రది, ఒక చెయ్యి దగ్గర బీట తీసింది. ఇంటికి వచ్చినవాళ్ళనెవరినీ అందులో కూర్చోబెట్టేవాళ్ళం కాదు. అది ఒక్క మనిషికే. ఆవిడది మొగల్తూరు. ఆవిడకి షుగరు. భర్త పోయారు, ఇద్దరు కొడుకులూ రొయ్యల చెరువుల మీద ఉంటారు, పెద్దకోడలికి నోరెక్కువ. ఆవిడ గురించి మాకు ఇన్ని సంగతులు తెలుసు గాని, నిజానికి అలాంటి మనిషి లేదు. నా పరీక్ష కోసం మా అత్తగారు పుట్టించిన మనిషి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలవి. తణుకులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సుని. మా వరండా బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో ఎవర్ని కదిపినా షుగరే. చెరుకు బళ్ళు బారులు తీరే ఊరు, ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో గాలి కూడా తియ్యగా పులిసిన వాసన వేసే ఊరు మాది. మా డాక్టరుగారు మంచివారే గాని ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడే తీరిక ఆయనకెక్కడిది? తీపి తగ్గించండి, నడవండి అని రెండు ముక్కలు చెప్పి చీటీ రాసిచ్చేవారు. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచారు. షుగరు ఉన్నవాళ్ళకి తిండి గురించీ మందు గురించీ విడమరిచి చెప్పేవాళ్ళని తయారుచెయ్యడానికి ఒక కోర్సు ఉందనీ, రాజమండ్రిలో సెలవురోజుల్లో క్లాసులనీ, చివర పరీక్ష నెగ్గితే డయాబెటిస్ ఎడ్యుకేటర్ అని సర్టిఫికెట్టు ఇస్తారనీ చెప్పారు.

"నువ్వెళ్ళమ్మా. నీకు నోరుంది," అన్నారు.

మా ఇంట్లో ఆ మాట తిట్టుగా వాడతారు. మెప్పుగా వినడం నాకు అదే మొదలు.

అయినా నేను ఒప్పుకున్నది మెప్పు కోసం కాదు, మా అత్తగారి కోసం. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆవిడకి షుగరు. పొద్దునా సాయంత్రం మాత్రలు వేసుకునేవారు. మాత్ర వేసుకున్నాక ఇక ఏం తిన్నా ఫరవాలేదన్నది ఆవిడ లెక్క. రాత్రుళ్ళు అన్నం మానేశానని వీధిలో అందరికీ చెప్పేవారు. నిజమే, అన్నం ముట్టేవారు కాదు. దానికి బదులు ఇడ్లీలో, ఉప్మానో, దిబ్బరొట్టో తినేవారు. దిబ్బరొట్టె మీదకి చెరుకు పాకం. మా వైపు అన్నం ఒక్కటే భోజనం, మిగతాదంతా ఫలహారం. ఫలహారం కడుపులోకి వెళ్ళినా లెక్కలోకి రాదు. ఇడ్లీలో ఉన్నదీ బియ్యమేనండీ అత్తయ్యగారూ అంటే, "రూపం మారింది కదే," అనేవారు.

గట్టిగా చెప్పడానికి నాకు నోరు సరిపోయేది గాని, హోదా సరిపోయేది కాదు. ఆసుపత్రిలో నేను నర్సమ్మనే. ఇంట్లో కోడల్ని. కోడలు అత్తగారి కంచం వంక చూడకూడదు. ఇంకో ఇడ్లీ వద్దండీ అన్నానంటే, పెద్దావిడ తిండి దగ్గర లెక్కలు చూస్తోందట అని సాయంత్రానికల్లా వీధి చివరిదాకా వెళ్తుంది. అంచేత నేను వడ్డించేదాన్ని. ఇంకొకటి వేసుకోండి అని మాటవరసకి కూడా అనేదాన్ని. ఆవిడ మాటవరసకి వద్దని, వేసుకునేవారు.

ఆ ఏడాది మా డాక్టరుగారు ఆవిడ రిపోర్టు చూసి, మాత్రల పని అయిపోయిందమ్మా, ఇన్సులిన్ మొదలుపెట్టాలి, ఇంకా ఆలస్యం చేస్తే కళ్ళో కాళ్ళో దెబ్బతింటాయి అన్నారు. అత్తగారు ఎంతో మర్యాదగా విన్నారు. "అలాగేనండి," అన్నారు. ఇంటికి వచ్చాక ఆ చీటీని మడిచి పప్పు డబ్బా కింద పెట్టేశారు.

"నా ఒంట్లో ప్రాణం ఉండగా ఆ సూది వేయించుకోను. ఇంకోసారి ఆ మాటెత్తారంటే నేను మా తమ్ముడింటికి పోతాను," అన్నారు.

ఎందుకో చెప్పలేదు. సూది అంటే భయమా అంటే కాదు. ధనుర్వాతం సూదులూ, జ్వరం సూదులూ నా చేతే ఎన్నోసార్లు వేయించుకున్నారు. మా ఆయనకి ఎరువుల కొట్టు. ఏ చేనుకి ఎంత యూరియా వెయ్యాలో రైతులకి ఓపిగ్గా పూటంతా చెప్పగలరు. తల్లి దగ్గరికి వచ్చేసరికి, "అమ్మని బలవంతం చెయ్యకు," అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేం రాదు. ఇన్సులిన్ సీసా నేనే తెచ్చి ఫ్రిజ్ తలుపులో పెట్టాను. పచ్చళ్ళ సీసాల వెనక అది అలా ఉండిపోయింది.

చదువు మొదలుపెట్టాను. పుస్తకం ఇంగ్లీషుది, ఇటుకంత లావు. నేను చదువుకున్నది తెలుగు మీడియం. పోపుల డబ్బా పక్కన పుస్తకం పెట్టుకుని, తాలింపు వేగేలోపు ఒక పేరా, కుక్కరు కూసేలోపు ఒక పేరా చదివేదాన్ని. ఆ పుస్తకంలో అక్కడక్కడా తాలింపు నూనె మరకలు ఇప్పటికీ ఉన్నాయి. రాజమండ్రి క్లాసులో ఇన్సులిన్ సూది ఎలా వెయ్యాలో బత్తాయికాయల మీద నేర్పారు. రోజూ వేసే సూదే కదా అని నేను గర్వపడ్డాను గాని, నేను వెయ్యడం వేరు, రాని మనిషికి నేర్పడం వేరు. ఇంట్లో బత్తాయిలు లేక వంకాయలు ముందేసుకుని, నీళ్ళు ఎక్కించిన సిరంజీతో, "చర్మం ఇలా రెండు వేళ్ళతో పట్టుకోవాలమ్మా," అని వంకాయకి పాఠం చెబుతుంటే అత్తగారు చూశారు.

"అదేం పాపం చేసిందే?" అన్నారు.

"ఉత్తి నీళ్ళేనండీ."

"నీళ్ళెక్కిన వంకాయ గుత్తొంకాయకి పనికొస్తుందిటే? పచ్చడి చేసెయ్."

పరీక్షలో రెండు భాగాలు. ఒకటి రాసేది. రెండోది చేసి చూపించేది. ఎదురుగా ఒకావిడ రోగిలా కూర్చుంటుంది, ఇన్సులిన్ వద్దు అంటుంది. పది నిమిషాల్లో ఆవిడకి నచ్చజెప్పి, సూది ఎలా వేసుకోవాలో కూడా చూపించాలి. పరీక్ష పెట్టేవాళ్ళు పక్కన కూర్చుని మార్కులు వేస్తారు. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని అలవాటు చేసుకోండి అన్నారు. నేను మా ఆయన్ని ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టాను. ఏం చెప్పినా, "సరే," అన్నారు. సూది వేసుకుంటారా అంటే సరే. కాళ్ళు రోజూ చూసుకుంటారా అంటే సరే. అంత సుళువుగా ఒప్పుకున్న రోగిని నా సర్వీసులో చూడలేదు. పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే సరే అని ఉంటారు అనుకున్నాను.

గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న అత్తగారు ఇక ఉండబట్టలేకపోయారు.

"రోగిష్టి మనిషి అలా ఉంటాడుట్రా? లే అవతలికి. నేను కూర్చుంటా," అన్నారు. లేచి రెండడుగులు వేసి ఆగిపోయారు. "కాని నేను నేనుగా కూర్చోను."

"మరి?"

"ఇంకెవరిలాగో."

ఇంకెవరు అన్నదాని మీద చాలా ఆలోచన జరిగింది. మా గోదావరి జిల్లాల్లో ఏ ఊరు పేరెత్తినా ఎవరో ఒక చుట్టం తగులుతారు. భీమవరం అందామంటే ఆడపడుచు అత్తవారు. పాలకొల్లు అంటే వియ్యాలవారు. నరసాపురంలో మేనత్త మనవలు. లేని మనిషి గురించి ఊరికే అన్న మాట ఉన్న మనిషి చెవిలో పడితే పెళ్ళిళ్ళలో మొహాలు చూసుకోలేం.

"మొగల్తూరు," అన్నారు చివరికి. "అక్కడ మనకెవరూ లేరు. నేను మొగల్తూరు ఆవిణ్ణి."

చేతులు కడుక్కుని వచ్చి, చెంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకుని, కుర్చీ అంచు మీద కూర్చున్నారు. అచ్చం మా వరండా బెంచీ మీద కొత్తగా వచ్చినవాళ్ళు కూర్చున్నట్టే.

"నమస్కారం మేడంగారండీ," అన్నారు.

నాకు నవ్వూ వచ్చింది, గుండె కూడా కొంచెం కదిలింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి నన్ను ఏమే, ఒసే, అమ్మాయ్ తప్ప ఇంకోలా పిలవని మనిషి. నేను కూడా గొంతు సర్దుకుని, "చెప్పండమ్మా, ఎక్కణ్ణించి వచ్చారు?" అన్నాను. అలా మొదలైంది.

డ్యూటీ దిగి వచ్చాక, సాయంత్రం కాఫీకి ముందు మొగల్తూరు ఆవిడ వచ్చేది. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ నేను కోడల్ని కాదు. రాత్రి ఏం తిన్నారమ్మా అని అడగొచ్చు. ఎన్ని అని కూడా అడగొచ్చు. ఆవిడ దాచకుండా చెప్పేది, ఎందుకంటే తిన్నది అత్తగారు కాదు, మొగల్తూరు ఆవిడ. "దిబ్బరొట్టె సగం తిన్నానండి. పాకం ఉందని ఇంకో ముక్క. ముక్క ఉందని ఇంకాస్త పాకం," అనేది. పెళ్ళిళ్ళలో ఆకులో వేసిన కాజా వదిలేస్తే వేసినవాళ్ళు ఏమనుకుంటారండీ అని నిలదీసేది. నేను చెప్పిన జవాబు నచ్చకపోతే, "మీకు పెళ్ళిళ్ళకెళ్ళే అలవాటు లేదేమో మేడంగారూ," అని చురక వేసేది. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, మేమిద్దరం వంటింట్లోకి వెళ్ళి, ఆవిడ గురించి మాట్లాడుకునేవాళ్ళం.

"పెద్దదాన్ని పట్టుకుని అంత గట్టిగా చెప్పావేంటే? చిన్నబుచ్చుకుంది పాపం," అనేవారు అత్తగారు, కాఫీ వడకడుతూ. లేదంటే, "మధ్యాన్నం జామకాయతోపాటు బెల్లం ముక్క నోట్లో వేసుకుంది ఆవిడ. నువ్వడగలేదు, ఆవిడ చెప్పలేదు. అడగాలా వద్దా?"

రాజమండ్రిలో పాఠాలు చెప్పినవాళ్ళు కూడా నన్ను అంతగా దిద్దలేదు. కొన్నాళ్ళకి ఇంకో సంగతి గమనించాను. రాత్రి దిబ్బరొట్టె వేస్తే ఒక ముక్క తిని చెయ్యి కడిగేసుకుంటున్నారు. పాకం వైపు చూడటం లేదు. వెయ్యనా అంటే, "ఆ మొగల్తూరు ఆవిడకి అన్నన్ని చెప్పావు కదే. అన్నీ విని మళ్ళీ నేనెలా తింటాను?" అన్నారు.

సంబరపడ్డాను. ఇలాగే ఇన్సులిన్ దగ్గరికి కూడా వచ్చేస్తుందిలే అనుకున్నాను. కాని ఆ పాఠం ఎత్తినప్పుడల్లా మొగల్తూరు ఆవిడకి బస్సు టైమయిపోయేది.

వేసవి వచ్చింది. మాగాయ పెట్టే రోజులు. ఆ సాయంత్రం మా పాఠం కాళ్ళ గురించి. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, మంటలా అని పుస్తకంలో ఉన్న వరసలో అడిగాను.

"నా కాళ్ళకేంటి మేడంగారండీ, ఇనప కాళ్ళు," అంది ఆవిడ గొప్పగా. "ఇవాళ మిట్టమధ్యాన్నం మేడ మీద మామిడి ముక్కలు ఎండబెట్టామా, మా పెద్దకోడలు చెప్పులేసుకుని కూడా గెంతుకుంటూ దిగిపోయింది. నేను ఉత్తి కాళ్ళతో అటూ ఇటూ తిరిగి చాపలన్నీ సర్దొచ్చాను. చురుక్కుమంటేనా!"

ఆ నోరెక్కువ పెద్దకోడల్ని నేనే. ఆ మధ్యాహ్నం మేడ మీద నుంచి గెంతుకుంటూ దిగింది నేనే. అత్తగారు నింపాదిగా నడుస్తుంటే చూసి, ఈ వయసులో ఏం ఓర్పు అని మెచ్చుకున్నది కూడా నేనే. పుస్తకంలో ఆ పేజీ నా తొడ మీద తెరిచే ఉంది. షుగరు ముదిరితే పాదాలకి స్పర్శ పోతుంది, కాలినా కోసుకున్నా తెలియదు అని అందులో రాసి ఉంది.

పుస్తకం పక్కన పడేసి కింద కూర్చుని ఆవిడ కాలు నా ఒళ్ళోకి లాక్కున్నాను. పండగలకి దణ్ణం పెట్టడానికి ముట్టుకున్న పాదాలే. అరికాలు మాత్రం ఎప్పుడూ చూడలేదు. మడమకి ముందు పెద్ద బొబ్బ లేచి, చిట్లి, దానిలో మేడ మీద మట్టి చేరి ఉంది.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఏదే?" అన్నారు. వంగి చూసుకోబోయారు, నడుం వంగలేదు. నొప్పి లేదు కాబట్టి నేను అబద్ధం చెబుతున్నాననుకున్నారు.

నాకు కోపం వస్తే ఎదురుగా ఎవరున్నారో కనపడరు. ఆ పూట బాగా అరిచాను. కాలు తీసేస్తారు, మంచాన పడతారు, అప్పుడు ఆ తమ్ముడొచ్చి చేస్తాడా అని నోటికొచ్చిందల్లా అన్నాను. అరుస్తూనే ఏడ్చాను. ఆవిడ తల్లి కాలి పుండుతోనే పోయారని మా ఆయన ఎప్పుడో చెప్పి ఉన్నారు. అది గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను. అత్తగారు కాలు మెల్లగా వెనక్కి తీసుకుని, "ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ మీద అరవకూడదని మీ పుస్తకంలో లేదుటే?" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. భయపడ్డారు.

మా డాక్టరుగారు పుండు శుభ్రం చేసి కట్టు కట్టారు. ఇన్సులిన్ పడకపోతే ఇది మానదమ్మా అని మళ్ళీ చెప్పారు. ఆవిడ మళ్ళీ అలాగేనండి అన్నారు. ఇంటికొచ్చాక, "కట్టు కట్టు, ఎంతకావాలంటే అంత కట్టు. సూది మాత్రం వద్దు," అన్నారు. రోజూ కట్టు మార్చేదాన్ని. పుండు తడి ఆరేది కాదు. పరీక్ష దగ్గరపడుతోంది. నేను అలిగి పాఠాలు మానేశాను. ఇంట్లో ఉన్న కాలిని కాపాడలేనిదాన్ని, రాజమండ్రి వెళ్ళి ఎవరికి ఏం చెబుతాను అనిపించింది.

ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆవిడ కట్టు కాలుతో తనే వెళ్ళి ఎర్ర కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఇవాళేం పాఠం మేడంగారూ?"

"ఇన్సులిన్," అన్నాను పంతంగా.

ఈసారి బస్సు టైము కాలేదు. నేను గడగడా అప్పజెప్పాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు. నాకు మాటలు అయిపోయాయి. అప్పుడు క్లాసులో చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది. ముందు మీరు చెప్పకండి, వాళ్ళ భయమేంటో అడగండి అన్నారు. ఇన్నాళ్ళూ నేను ఆ ఒక్కటీ చెయ్యలేదు. నోరున్నవాళ్ళతో వచ్చే చిక్కే అది.

"దేనికి భయపడుతున్నారమ్మా?" అని అడిగాను.

ఆవిడ చూపు కట్టు కాలి మీదకి దిగింది.

"మా అమ్మకి కూడా కాలు మీద పుండేనండి," అంది మొగల్తూరు ఆవిడ. "చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఈ సూదే మొదలెట్టారు. నాలుగు రోజులు కూడా ఉండలేదు. నేను పక్కనే ఉన్నాను. పొద్దున్న సూది వేశారు, సాయంత్రానికి పోయింది."

మొగల్తూరు ఆవిడకి తల్లి ఉందని అంతకుముందెప్పుడూ వినలేదు. ఎవరి తల్లి గురించి వింటున్నానో నాకు తెలిసింది. తెలిసినట్టు మొహంలో కనపడనివ్వలేదు.

"అది సూది వల్ల కాదమ్మా. సూది ఆలస్యంగా వచ్చింది. ముందే వేసి ఉంటే బతికేవారు," అన్నాను. సరైన జవాబు చెప్పాననుకున్నాను.

"ముందే," అన్నారావిడ. "ఆసుపత్రికి తీసుకెళ్దామని మా అన్నయ్య ముందే అన్నాడండి. వద్దు, కాలు కోసేస్తారు, నేను పసుపూ వేపాకూ కట్టి మాన్పుతాను అన్నది నేను. వేసంగంతా కట్టాను. సూది వల్ల పోలేదంటే మరి ఎవరి వల్ల పోయినట్టండి?"

అప్పుడర్థమైంది నాకు. సూది తప్పు కాదంటే ఆ తప్పు తన మీద పడుతుంది. అందుకని ఇన్నేళ్ళూ దాన్ని సూది మీదే ఉంచారు. నా ఇటుకంత పుస్తకంలో దీనికి జవాబు లేదు. ఆవిడ చెయ్యి పట్టుకుందామని ముందుకు వంగేలోపు లేచి నిలబడ్డారు.

"పప్పు అడుగంటుతున్నట్టుందే," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. నిజానికి పొయ్యి మీద ఏమీ లేదు.

పరీక్షకి పొద్దుటి పాసింజరులో వెళ్ళాను. రాసేది బాగానే రాశాను. మధ్యాహ్నం రెండో భాగం. తెలుగులో చెప్పొచ్చన్నారు, కొంచెం ఊపిరి వచ్చింది. ఒక బల్ల, బల్ల మీద సిరంజీ, సీసా, దూది. ఎదురుగా రోగి వేషంలో ఒక నడివయసు ఆవిడ, అక్కడి నర్సే అనుకుంటాను. నేను నమస్కారం పెట్టి మొదలుపెట్టగానే, నేర్చుకొచ్చిన మాట ఆవిడ అనేసింది. "ఇన్సులిన్ మొదలెడితే మనిషి ఎన్నాళ్ళో ఉండరటగా మేడం?"

అది అపోహ అని చెప్పి, కారణాలు రెండు చెప్పి, సిరంజీ చేతిలోకి తీసుకోవాలి. నాకు తెలుసు. కాని నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మీ ఇంట్లో ఎవరికలా జరిగిందమ్మా?"

ఆవిడ తడబడింది. అది ఆవిడకి నేర్పి ఉండరు. పరీక్ష పెట్టే డాక్టరమ్మ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి, "మా అమ్మకి," అంది. అది వేషంలో మాటో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు ఎదురుగా ఉన్నావిడ కనపడలేదు. ఇంట్లో చెప్పలేకపోయిన జవాబంతా అక్కడ, ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాను. చెబుతూనే ఉన్నాను. గంట కొట్టారు. సిరంజీ కవరులోంచి బయటికి రానే లేదు.

"మాట్లాడావమ్మా, బాగా మాట్లాడావు. కాని సూది చూపించలేదే," అన్నారు డాక్టరమ్మ. ఆవిడ తప్పేం లేదు. రాసింది పాసు, చేసి చూపించేది ఫెయిలు, మళ్ళీ పెట్టినప్పుడు వచ్చి చేసి చూపించమన్నారు. తర్వాతి దఫా వెళ్ళి నెగ్గాను, ఆ ముక్క ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ పూట మాత్రం నిడదవోలులో రైలు మారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. బజ్జీలమ్మే అతని మీద కూడా కోపం వచ్చింది, కారం తక్కువైందని.

అత్తగారు కట్టు కాలు ముందుకి చాపుకుని వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఏమైందే?"

"పోయిందండీ."

"ఎలా పోయిందీ? ఆవిడ ఒప్పుకోలేదా?"

"ఒప్పుకునేలోపు టైమైపోయింది. సూది చూపించడం కుదరలేదు."

"అంతసేపూ ఏం చేశావు మరి?"

అరుగు మీద పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ ఏమందో, నేనేమన్నానో చెప్పాను. "ఏమన్నావు ఆవిడతో?" అని మళ్ళీ అడిగారు, వీధిలోకి చూస్తూ.

"మీ అమ్మగారి కాలికి వేసంగంతా కట్టు కట్టింది ఎవరమ్మా, మీరే కదా అన్నాను. మీకు తెలిసిన వైద్యం మీరు చేశారు. ఇష్టం లేనివాళ్ళెవరూ పుండు దగ్గర అన్నాళ్ళు కూర్చోరు. ఆ రోజు మీకు విడమరిచి చెప్పేవాళ్ళు లేరు, అంతే. ఇప్పుడు నేనున్నాను అన్నాను."

అత్తగారు చెంగుతో మొహం తుడుచుకున్నారు. చెమట పట్టే కాలమే అనుకోండి.

"ఈ ముక్క చెప్పడానికి ఉన్న టైమంతా పోయిందా?" అన్నారు.

"పోయిందండీ."

"సర్లే. కాళ్ళు కడుక్కురా, అన్నం పెడతాను," అన్నారు.

మర్నాడు పొద్దున్న నేను పాలు పొయ్యి మీద పెట్టి హాల్లోకి వచ్చేసరికి ఆవిడ ఎర్ర కుర్చీలో ఉన్నారు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉన్నారు. పక్కన స్టూలు మీద ఇన్సులిన్ సీసా. చల్లటిది వేస్తే మంట పుడుతుందమ్మా, ముందుగానే ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టుకోవాలి అని మొగల్తూరు ఆవిడకి నేను చెప్పిన మాట ప్రకారం, ఎప్పుడు తీసి పెట్టారో ఏమో, సీసా మీద చెమ్మ ఆరిపోయి ఉంది. దాని పక్కన సిరంజీ, దూది, డాక్టరుగారి పాత చీటీ.

ఇంత పొద్దున్నే పాఠమేంటా అనుకున్నాను. వేషం ఎందుకు పాడుచెయ్యడమని, అలవాటుగా చేతులు జోడించాను.

"నమస్కారమమ్మా. ఎక్కణ్ణించి వచ్చారు?"

"ఎక్కణ్ణించీ రాలేదే," అన్నారు అత్తగారు. "నేనే."

పొట్ట మీద చీర కొంచెం పక్కకి తప్పించి, నేను నేర్పినట్టే రెండు వేళ్ళతో చర్మం పట్టుకున్నారు. నేను దగ్గరగా జరిగి సీసా అందుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు.

"అన్నీ వరసగా చెబుతూ వెయ్యి," అన్నారు. "ఈసారి సూది చూపించడం మర్చిపోకు."